వద్దనడం రాని గొంతు

నీరజాక్షికి మాట తిరిగొచ్చిన రోజున మొట్టమొదట వినిపించిన మాట "వద్దు". ఆ మాటకు ఆమె భర్త ఎర్ర బొత్తాం నొక్కాడు.

ఆయన్ను తప్పు పట్టడానికి లేదు. ఫణీంద్ర చెడ్డవాడు కాదు. ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునే మనిషి. భార్య మంచాన పడ్డ నాటి నుంచీ ఆమెకు జడ తనే అల్లుతున్నాడు, గోళ్లు తనే తీస్తున్నాడు. ఎవరో చెప్పారని రోజూ పొద్దున్నే ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ప్రగతి నగర్‌లోని తమ ఫ్లాట్ బాల్కనీలోకి తోసుకెళతాడు. ఎండ ఎముకలకు మంచిదట. ఎముకల సంగతేమో గానీ, ఆ ఎండ సూటిగా ఆమె కళ్లలో పడుతుంది. మెదడు అడుగున ఒక రక్తనాళం పూడుకుపోయి ఒళ్లంతా కొయ్యబారాక, కనురెప్పలు కూడా ఆమె చెప్పుచేతల్లో లేకుండా పోయాయి. నిద్రపోతే మూతపడతాయి, మిగతా వేళల్లో వాటికి బుద్ధి పుడితే కొట్టుకుంటాయి. కంటిపాపలు ఒకచోట నిలవక ఊగుతుంటాయి కాబట్టి, అక్షరాల అట్ట చూపించి కళ్లతో మాట్లాడించాలన్న ప్రయత్నాలన్నీ బెడిసికొట్టాయి. వినడం, చూడడం, ఆలోచించడం మాత్రం చెక్కుచెదరలేదు. అదే ఆమె ఖర్మ. ఆలోచన కూడా పోయి ఉంటే ఈ కథే లేదు.

ఆ పొద్దున ఎండ కళ్లను కాలుస్తుంటే, బలమంతా కూడగట్టి మనసులో అంది: వద్దు. కుర్చీకి బిగించిన స్పీకరు పైకి అంది: "వద్దు."

ఫణీంద్ర ఉలిక్కిపడ్డాడు. "నీరూ!" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత చేతిలోని ఫోను వంక చూసుకున్నాడు. అందులో రెండు బొత్తాలున్నాయి. ఆకుపచ్చది నొక్కితే ఇది నా భార్య మాటేనని, ఎర్రది నొక్కితే ఇది ఆమె మాటలా లేదని అర్థం.

"అమ్మా రజితా, ఇది తను కాదమ్మా" అన్నాడు, పక్కనే ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డ అమ్మాయితో. "ఇరవై ఏళ్ల కాపురంలో నీరూ నాతో వద్దు అన్న పాపాన పోలేదు. అందులోనూ ఇంత కటువుగా."

"ఏం కాదు సర్, ఎర్రది నొక్కుండ్రి. మీరు నొక్కితేనే గదా అది నేర్చుకునేది" అంది రజిత.

ఆయన నొక్కాడు. మర్నాడు అదే ఎండలో, అదే మంటలో నీరజాక్షి మళ్లీ వద్దు అనుకుంది. స్పీకరు తియ్యగా, "ఎండ హాయిగా ఉందండీ" అంది. ఫణీంద్ర మొహం విప్పారింది. ఆకుపచ్చ బొత్తాం పడింది.

ఆ యంత్రం పేరు పలుకు. చెవి వెనక చర్మానికి అంటించిన సన్నని వల ఒకటి, మనిషి మాట్లాడబోయేటప్పుడు మెదడులో లేచే అలజడిని పట్టుకుంటుంది. పట్టుకుంటుందని పేరే గానీ చిక్కేది అరకొర. పది మాటలు అనుకుంటే రెండో మూడో దొరుకుతాయి, మిగతాదంతా గోల. ఆ ఖాళీలు నింపడానికి లోపల పూరకం అని ఒక భాగం పెట్టారు. ఈ మనిషి ఎక్కడ ఏమనేదో పాత రికార్డింగులు విని నేర్చుకుని, దొరికిన రెండు మాటలకూ మిగతా ఎనిమిదీ అదే అతికిస్తుంది. ఎర్ర బొత్తాం పడ్డ మాటల్ని గోల కింద జమకట్టి పారేస్తుంది.

చిక్కంతా ఆ పాత రికార్డింగులతోనే వచ్చింది.

నీరజాక్షి ఉద్యోగం అటువంటిది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్లయింటుకు ఏం కావాలో కనుక్కుని, తయారుచేసే వాళ్లకు విడమరిచి చెప్పడం ఆమె పని. క్లయింటన్నవాడు ఒక పట్టాన తేల్చడు. నిన్న కావాలన్నది ఇవాళ తీసెయ్యమంటాడు. సగం ఇల్లు లేచాక గుమ్మం అటు తిప్పమంటాడు. పాతకాలంలో దీని మీద పెద్ద పెద్ద తగవులు అయ్యేవి. ఇప్పటి పద్ధతి వేరు. పనిని రెండేసి వారాల విడతలుగా కోసుకుని, ప్రతి విడత చివరా అయినంత మేర క్లయింటుకు చూపించి, అతను మార్పులు చెబితే మారు మాట్లాడకుండా తర్వాతి విడతలో కలుపుకోవడం. ఆ మారు మాట్లాడకపోవడంలో నీరజాక్షిని మించిన వాళ్లు లేరు. "తప్పకుండా సర్, చూస్తాం." "మంచి ఆలోచనండీ, కలుపుకుందాం." "పర్లేదు, సర్దుకుంటాం." ఏళ్ల తరబడి మీటింగుల్లో ఆ గొంతు పలికిన మాటలివే. లోపల ఎంత మండినా గొంతులో సెగ తగలనిచ్చేది కాదు. మీటింగు అయ్యాక మెట్ల దగ్గరికి వెళ్లి నోరారా తిట్టుకుని వచ్చేది. మెట్ల దగ్గర రికార్డింగులుండవు కదా.

రజిత ఆమె చేతుల్లో తయారైన పిల్లే. జగిత్యాల నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, క్లయింటుతో గొడవపడి ఏడుస్తూ కూర్చుంటే నీరజాక్షే కాఫీ తాగించి బుద్ధి చెప్పింది. "మార్పు అడిగాడని కోపం తెచ్చుకోకే. వాడికేం కావాలో, కళ్లకు కనబడితే గానీ వాడికే తెలీదు. చూపించు. తెర వైపు కాదు, వాడి మొహం వైపు చూడు. మొహం ముడుచుకుంటే మార్చెయ్." ఆ మాటలు రజిత తలకెక్కాయి. తర్వాత తనే కొండాపూర్‌లో చిన్న కంపెనీ పెట్టి, పలుకు తయారీకి దిగింది. నీరజక్క పడిపోయిందని తెలియగానే పరిగెత్తుకొచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. "అక్కా, ముందుగాల మీకే చేస్తం. మీరు మాట్లాడాలె" అంటూ ఏడ్చింది. ఆ ఏడుపులో కల్మషం లేదు.

మొదటి విడతలో నీరజాక్షి మాట్లాడలేదు. మాట్లాడలేని మనిషిని ఏం కావాలని అడిగేదెలా? అడగ్గలిగిన మనిషిని అడిగారు. ఆ రకంగా ఫణీంద్ర క్లయింటు అయ్యాడు.

రెండు వారాలకోసారి ఫణీంద్ర ఆమెను కొండాపూర్ ఆఫీసుకు తీసుకెళ్లేవాడు. త్వరగా ముగియాలని ఆ మీటింగు అందరూ నిలబడే జరుపుతారు. ఆమె మాత్రం కుర్చీలో ఉండేది. ఎదురుగా అద్దం గోడ, దాని నిండా పసుపు కాగితాలు. ఒక్కో కాగితం మీద ఒక్కో కోరిక. కోరిక ఎవరిదో ముందు రాసి, ఆ తర్వాత కోరిక రాయడం ఆ పనిలో పద్ధతి. ఆ పద్ధతి కూడా నీరజాక్షి నేర్పిందే.

భర్తగా, నాకు ఆమె "ఏమండీ" అని పిలవడం కావాలి. భర్తగా, మాట మధ్యలో తడబాట్లు వద్దు. భర్తగా, ఆమె నవ్వు వినాలి.

ఊగే కళ్లతోనే ఆ గోడంతా వెతికింది. తన పేరుతో మొదలయ్యే కాగితం కోసం. పోయినసారి వెతికింది, ఆ ముందుసారీ వెతికింది. లేదు. ఆమె మాట్లాడడం మొదలయ్యాక క్లయింటును మార్చాలని అక్కడ ఎవరికీ తోచలేదు. అడిగిన ప్రతి మార్పునూ నెత్తిన పెట్టుకునే వాళ్లకు ఈ ఒక్క మార్పూ అడిగే దిక్కు లేకపోయింది. కోపంతో రగిలిపోయింది గానీ, నిజాయితీగా ఆలోచిస్తే, వాళ్ల స్థానంలో ఉంటే తనూ ఇదే పని చేసి ఉండేది. ఈ గదిలో తను క్లయింటు కాదు. తను సరుకు.

"ఎలా ఉంది సర్ ఈ విడత?" అని రజిత అడిగేది. తన గురువు చెప్పినట్టే, తెర వైపు కాకుండా ఫణీంద్ర మొహం వైపు చూసేది.

ఆయన మొహం వెలిగిపోతుండేది. "అద్భుతం అమ్మా. నిన్న కూర మాడ్చేశాను. పర్లేదండీ, ఆ వాసన నాకిష్టమే అంది! అచ్చం తనే."

తను అనలేదు. నిన్న ఆమె అనుకున్నది ఒకటే మాట: నొప్పి. పొద్దస్తమానం కూర్చోబెట్టడంతో నడుము కింద చర్మం చెడుతోంది. పుండు పడబోతోందని ఆమెకు తెలుస్తోంది. నొప్పి, నొప్పి అని మనసులో అరిచేది. పూరకానికి ఆ మాట దొరికేది. దొరికాక దానికి తెలిసిన తీరులో నింపేది. "నొప్పులేం లేవండీ, మీరు వెళ్లి భోంచెయ్యండి." కన్నీళ్లు కారితే ఫణీంద్ర కంగారుపడి డాక్టరుకు ఫోను చేసేవాడు. ఈ జబ్బులో కన్నీళ్లు వాటంతట అవే వస్తాయండీ, మీరేం బాధపడకండి అనేవాడు ఆ డాక్టరు. ఫణీంద్ర తుండుతో మెత్తగా తుడిచేవాడు. ఆ మెత్తదనానికి ఆమెకు ఇంకా ఏడుపొచ్చేది.

నాలుగో విడతో అయిదో విడతో నడుస్తుండగా కాకినాడ నుంచి చెల్లెలు ప్రభ దిగింది.

"ఏమే అక్కా, ఎలా ఉన్నావే?" అంటూ గుమ్మంలోంచే కేకేసింది.

"రా ప్రభా, బాగున్నావా? ప్రయాణం సుఖంగా జరిగిందా? ఏమండీ, ప్రభకు కాఫీ ఇవ్వండి" అంది స్పీకరు.

ప్రభ చేతిలోని సంచి అక్కడే వదిలేసింది. "ఇదెక్కడి చోద్యం బావా! విమానంలో అమ్మాయిలా ఇంత మర్యాదేంటి? ఇది మా అక్కేనా? నేనొస్తే మళ్లీ ఊడిపడ్డావా అనాలి గానీ కాఫీలంటుందా? పుట్టి బుద్ధెరిగాక నాతో వద్దు, కాదు, ఫో అనే మాటలు తప్ప ఇంకోటి అన్లేదు ఇది."

నీరజాక్షి లోపల ఎగిరి గంతేసినంత పని చేసింది. ఉన్న చెల్లెలు ఒక్కతే. మర్యాద లేకుండా మాట్లాడింది ఈ లోకంలో దాని ఒక్కదానితోనే. అదే ప్రభా, అదే! ఇది నేను కాదే! వీళ్లకు చెప్పవే!

"నా మాట ఎంత బాగా అర్థం చేసుకున్నావో" అంది స్పీకరు.

ప్రభ చెప్పింది. ఊరుకునే మనిషి కాదు. ఫణీంద్రను కూర్చోబెట్టి వాదించింది, రజితకు ఫోను చేయించింది. రజిత మర్నాడే ఇంటికొచ్చి, ప్రభ చేతులు పట్టుకుని, "మేడం, మస్తు మంచి ముచ్చట చెప్పిండ్రు. మాకు దొరికినయన్నీ ఆఫీసు రికార్డింగులు. ఇంట్ల ఎట్ల మాట్లాడుతదో మాకు తెల్వది. అక్క మిమ్మల్ని ఎట్ల తిడుతుండెనో జర చెప్తరా?" అని అడిగింది.

ప్రభ సంబరపడిపోయింది. సాయంత్రం దాకా కూర్చుని, చిన్నప్పటి నుంచి తిన్న తిట్లన్నీ వరసపెట్టి రికార్డు చేయించింది. అద్దం గోడ మీదికి కొత్త కాగితం ఎక్కింది: చెల్లెలిగా, నాకు అక్క తిట్టడం కావాలి.

విడత తిరిగేసరికి స్పీకరు, "ఒసే ప్రభా, మళ్లీ ఊడిపడ్డావా? నీ గోల నీదే గానీ ఒకరి మాట వింటావా నువ్వు!" అంది. గొంతులో విసురు, విసురు కింద ముద్దు, అంతా అచ్చుగుద్దినట్టుంది. ప్రభ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "మా అక్కే బావా. వచ్చేసింది మా అక్క" అంటూ కుర్చీని వాటేసుకుంది. ఆమె ఫోనులో కూడా ఇప్పుడు ఆ రెండు బొత్తాలున్నాయి. ఆకుపచ్చది నొక్కింది.

ఆ క్షణాన నీరజాక్షి చెల్లెలితో అంటున్నదల్లా, నా నడుము కింద చెయ్యి పెట్టి చూడవే తల్లీ అని.

ఆ రోజు ఆమె నిజంగా భయపడింది. ఈ గోడకు ఎక్కడ తలబాదుకున్నా, ఆ దెబ్బను కూడా కోరిక కింద రాసుకుని, గోడను అక్కడ ఇంకాస్త నున్నగా చేస్తారు. చేసేవాళ్లంతా తనను ప్రేమించేవాళ్లే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక మౌనంగా ఉండిపోయింది. మౌనమైనా తనదని అప్పటికి ఒక ధైర్యం ఉండేది.

అదీ ఎంతో కాలం నిలవలేదు.

"వంటింట్లో ఉన్నప్పుడు నీరూ అలికిడి లేకపోతే నాకు గుండె దడగా ఉంటోందమ్మా" అన్నాడు ఫణీంద్ర తర్వాతి మీటింగులో, కాస్త సిగ్గుపడుతూ. "ఇదివరకు ఈ గదిలోంచి ఆ గదిలోకి ఏదో ఒకటి అంటూనే ఉండేది. ఇప్పుడు గంటలు గంటలు ఉలుకూ పలుకూ ఉండట్లేదు."

అక్కడున్న కుర్రాళ్లందరి మొహాలూ జాలితో కరిగాయి. ఇంకో పసుపు కాగితం లేచింది. ఆ విడత నుంచి, ఆమె ఏమీ అనుకోకపోయినా, కాసేపు నిశ్శబ్దంగా ఉంటే చాలు, పూరకం తనంతట తాను కబుర్లు మొదలుపెట్టేది.

ఒక మధ్యాహ్నం నీరజాక్షికి కునుకు పట్టింది. నవ్వులు వినబడి మెలకువ వచ్చింది. వంటింట్లో ఫణీంద్ర బీరకాయ చెక్కు తీస్తూ పగలబడి నవ్వుతున్నాడు. స్పీకరు ఇక్కడి నుంచి గట్టిగా ఆయనకు, ఎప్పుడో ఆయన నోటి నుంచే విన్న అరకు ప్రయాణం కబుర్లు చెబుతోంది. రైలు సొరంగంలో దూరినప్పుడు ఆయన కెవ్వుమన్న సంగతి. "నీకింకా గుర్తుందా నీరూ!" అని ఆయన అడుగుతుంటే, "ఎలా మర్చిపోతానండీ" అంటోంది.

ఆమె అరకు గురించి కలలో కూడా అనుకోలేదు. తను నిద్రపోతుంటే తన కాపురం తను లేకుండానే, తను ఉన్నప్పటి కంటే సరదాగా సాగిపోతోంది. ఒళ్లు కొయ్యబారిన మనిషికి చలి పుట్టదంటారు గానీ ఆమెకు పుట్టింది.

ఆ చలి తగ్గాక, ఏళ్ల ఉద్యోగంలో పట్టుకున్న పాడు అలవాటు ఒకటి బుర్రలో కదిలింది. ఏ సరుకైనా చేతికివ్వబోయే ముందు ఆమె ఒక ప్రశ్న అడిగేది: వాడే మనిషి అక్కడ లేకపోతే ఇది ఏం చేస్తుంది? ఆ ప్రశ్నతో ఎన్ని సాఫ్ట్‌వేర్ల బండారం బయటపెట్టిందో లెక్కలేదు. పలుకును ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఎప్పుడు పరీక్షించినా ఆమె మెలకువగానే ఉంది. ఫణీంద్రకేమో వంటింట్లోకి గొంతు వినబడుతుంది, మనిషి కనబడదు.

అంతలోనే పిడుగులాంటి వార్త. మార్పులు ఇక ఆపేస్తున్నారు. తయారైనంత వరకూ చాలని, వలను పుర్రె లోపలికి ఎక్కించి, పూరకాన్ని చిప్‌లో శాశ్వతంగా బిగించి, చర్మం కుట్టేస్తారు. ఆ తర్వాత ఒక్క మాట మార్చాలన్నా తల మళ్లీ తెరవాలి, అంత సాహసం ఏ డాక్టరూ చెయ్యడు. ఇదివరకు ఉద్యోగంలో ఇలా మార్పులకు తలుపు మూసేసిన రోజున నీరజాక్షి హాయిగా ఊపిరి పీల్చుకునేది. ఇప్పుడు ఆ మూసే తలుపు లోపల తనే ఉంది.

ఆపరేషన్‌కు ముందు రోజు ఆఫీసులో ఆఖరి ప్రదర్శన. ఆసుపత్రి వాళ్లు ఒక షరతు పెట్టారు. రోగి తన నోటితో తను సరే అనాలి, దాన్ని కెమెరాలో పట్టాలి. తన నోరంటే ఏదో మనకు తెలుసు. అది సరే అనడానికే పుట్టింది.

ముందు రాత్రంతా ఆమె నిద్రను దగ్గరికి రానివ్వలేదు. ఎక్కాలు అప్పజెప్పుకుంది, పాత క్లయింట్ల పేర్లు తలుచుకుని తిట్టుకుంది. పొద్దున కారులో ఆ ఊపుకు కళ్లు కూరుకుపోతుంటే పళ్ల బిగువున ఆపుకుంది. పళ్లు బిగించే శక్తి లేదు, ఆ బిగువంతా మనసుతోనే. ఇప్పుడే నిద్రపోతే, దిగేటప్పుడు లేపేస్తారు.

ఆఫీసులో అందరూ ఆమె చుట్టూ నిలబడ్డారు. కెమెరా వెలిగింది. ఫణీంద్ర కొత్త చొక్కా వేసుకున్నాడు. ప్రభ కాకినాడ నుంచి మళ్లీ వచ్చింది. రజిత గొంతు సవరించుకుని ఈ యంత్రం ఎలా మొదలైందో, ఎన్ని మార్పులు కలుపుకున్నారో చెప్పడం మొదలుపెట్టింది. తను నిద్రపోయినా ఎవరూ చూడకపోతే అనుకుంది నీరజాక్షి. ఈ గదిలో ప్రతి ఒక్కరూ క్లయింటు మొహం వైపే చూస్తారు. అలా చూడమని నేర్పింది తనే. తను లేచేసరికి అంతా అయిపోయి, చప్పట్లు కొట్టేసి, కుర్చీని కారు దగ్గరికి తోసేస్తుంటారేమో. ఆ భయంతో నిద్ర ఎగిరిపోబోయింది. చేసేదేమీ లేదు. ఇంతకంటే వేరే దారి లేదు. రజిత మాటల మీద నుంచి ధ్యాస మళ్లించి, పట్టు వదిలేసింది.

ఎంతసేపయ్యిందో తెలియదు. ఎవరో అరుస్తున్నారు.

"ఆగు బావా, ఆగు! ఇది గురక! మా అక్క గురక నాకు తెలీదేంటి? దానికి పెళ్లయ్యేదాకా ఒకే మంచమ్మీద పడుకున్నాం. ఇదిగో చూడండి, తల వాల్చేసింది. అక్క నిద్దరోతోంది. మరి మాట్లాడేదెవరు?"

నీరజాక్షి కళ్లు తెరుచుకున్నాయి. స్పీకరు ఆగలేదు. "ఒసే ప్రభా, నీ గోల నీదే" అని ముద్దుగా విసుక్కుంది. ఆపైన, "రజితా, ఆపరేషన్ నాకు పూర్తిగా ఇష్టమే. మీరంతా నా కోసం ఎంత కష్టపడ్డారో! ఏమండీ, వీళ్లందరికీ స్వీట్లు తెప్పించండి" అంది.

ఒక్కరూ నవ్వలేదు. రజిత మొదటిసారిగా ఫణీంద్ర మొహం మీద నుంచి కళ్లు తిప్పి తెర వైపు చూసింది. వల పట్టిన గీతలు అక్కడ నెమ్మదిగా, పెద్ద అలలుగా పోతున్నాయి. నిద్రలో ఉన్న మెదడు గీతలవి. ఇప్పుడిప్పుడే మెలకువ గీతలుగా మారుతున్నాయి.

"కెమెరా బంద్ చెయ్యి" అంది ఎవరితోనో. వచ్చి కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అక్కా, పూరకం తీసేస్తున్న. ఇగ ఏదీ అతికియ్యదు. మీరు అన్నదాంట్ల ఎంత దొరికితే అంతే బయటికొస్తది. మీకు తొందరేం లేదు అక్కా."

ఏదో నొక్కింది. స్పీకరులో చిన్న బుసలాంటి చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. ఎన్ని నెలల తర్వాతో నీరజాక్షికి అసలైన నిశ్శబ్దం వినిపించింది.

"ఆపరేషన్ చెయ్యమంటరా?" అని అడిగింది రజిత.

నీరజాక్షి ఉన్న బలమంతా ఒక్కచోటికి తోడుకుంది. స్పీకరు బుసకొట్టింది, గరగరలాడింది. "వ" అని ఆగిపోయింది. మళ్లీ తోడుకుంది. మళ్లీ జారిపోయింది. మూడోసారికి రేకు గీకినట్టున్న గొంతు ఒకటి, తీపి లేదు, మర్యాద లేదు, ఆడో మగో తెలియదు, అంది:

"వద్దు."

ఫణీంద్ర రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇది తను కాదమ్మా" అన్నాడు. "ఏదో తేడా కొట్టింది. అది మెషిన్ అంది. పాతదే పెట్టు తల్లీ." రజిత కదలకపోయేసరికి రెండు చేతులూ జోడించాడు. "నీకు దణ్ణం పెడతాను, నా నీరూని నాకు పెట్టు."

రజిత వేలు ల్యాప్‌టాప్ మీదే ఉంది. నీరజాక్షి ఆ వేలినే చూస్తోంది. క్లయింటు అడిగాడు, మొహం ముడుచుకుంది. ఆ పిల్ల నేర్చుకున్న చదువంతా ఇప్పుడు ఏం చెయ్యమంటుందో ఆమెకు తెలుసు. వేలు కిందికి దిగబోయింది.

రజిత చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంది. "ఇన్ని దినాలు సరే అంటే అక్క అన్నదన్నరు" అంది, ఏడుపు ఆపుకుంటూ. "వద్దంటే మెషినా సర్?"

ఫణీంద్ర అందరి వైపూ చూశాడు, ఎవరైనా ఏదైనా అంటారేమోనని. ప్రభ మొహం కప్పుకుని ఏడుస్తోంది. మెల్లిగా వచ్చి కుర్చీకి ఎదురుగా నిలబడ్డాడు. ఇంత దగ్గరగా ఆయన్ను చూసి ఎన్నాళ్లయిందో. కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి. కొత్త చొక్కా గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకున్నాడు. జడ అల్లడం వీడియోలు చూసి నేర్చుకున్న మనిషి. ఆమెకు ఆయన మీద జాలీ ప్రేమా ఒక్కసారిగా పొంగుకొచ్చాయి.

"నీరూ, నువ్వేనా?" అని అడిగాడు. "ఇన్నాళ్లూ నాతో కబుర్లు చెప్పిన గొంతు... అది నీకు వద్దా?"

ఏ మాట అంటే ఏ మొహం విప్పారుతుందో ఆమెకు కొట్టినపిండి. ఇప్పుడు సరే అంటే చాలు, చిన్న మాట, ఈ మొహం ఇట్టే తేటపడుతుంది. ఆ మాట మనసులో అప్పటికే సిద్ధంగా ఉంది కూడా. దాన్ని పూరకం పెట్టలేదు, అది ఆమె సొంతమే. ఆమె దాన్ని పైకి రానివ్వలేదు. ఆయన మొహం చూస్తూనే, మళ్లీ బలమంతా తోడుకుంది.

"వద్దు." ఈసారి కాస్త తొందరగానే వచ్చింది.

ఫణీంద్ర కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆమె ఓదార్చలేదు. చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. రెండో మాట కోసం బలం కూడదీసుకుంటోంది. ఆ మాట నొప్పి.